రిస్కును ముందే అడ్డుకోవాలా, వచ్చాక ఎదుర్కోవాలా: ప్రాజెక్టుల్లో ఏది మేలు?

ప్రాజెక్టు మొదలైన కొత్తలో అందరూ శ్రద్ధగా రిస్క్ రిజిస్టర్, అంటే రాగల గండాల జాబితా, తయారు చేస్తారు. ఎక్సెల్ షీటులో ముప్ఫై వరుసలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. చివర 'మనం ఏం చేస్తాం' అనే కాలమ్ దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. సగం గళ్లలో ఒకటే వాక్యం: "నిశితంగా గమనిస్తాం." గమనించాక ఏం చేస్తారు? ఎవరు చేస్తారు? ఎప్పుడు మొదలుపెడతారు? ఆ గడిలో ఇవేవీ ఉండవు.

అక్కడ నిజంగా తేల్చుకోవాల్సింది ఒకటే. ఈ రిస్కు మీద ఇప్పుడే డబ్బు, సమయం పెట్టి దాన్ని అడ్డుకోవాలా? లేక ప్లాన్ బి సిద్ధం చేసి పెట్టుకుని, ఆ గండం వచ్చినప్పుడు మాత్రమే ఖర్చు పెట్టాలా?

పాఠాల్లో దీనికి నాలుగు దారులు చెబుతారు: తప్పించుకోవడం, తగ్గించడం, ఇంకొకరి మీదకు బదిలీ చేయడం, అంగీకరించడం. ప్రాజెక్టు నిర్వహణకు ప్రామాణికంగా చూసే పీఎంబాక్ గైడ్ 2017లో వచ్చిన ఆరో ఎడిషన్‌లో ఐదోదాన్ని కూడా చేర్చింది: మన చేతిలో లేనిదాన్ని పైవాళ్లకు అప్పగించడం. ప్రాజెక్టు మేనేజర్ల సర్టిఫికెట్ అయిన పీఎంపీ పరీక్ష రాసేవాళ్లకు ఈ పేర్లు కంఠతా వచ్చి తీరాలి. పనిలోకి దిగాక మాత్రం ముందు అడగాల్సింది ఖర్చు ఇప్పుడా, అప్పుడా అనే.

ముందు లెక్క చూద్దాం

ఒక వెండర్ నుంచి మీకు ఒక ముఖ్యమైన భాగం రావాలి. అది ఆలస్యం అయ్యే అవకాశం 30 శాతం అనుకుందాం. ఆలస్యమైతే ప్రాజెక్టు 20 రోజులు వెనక్కి పోతుంది. అవకాశాన్ని నష్టంతో గుణిస్తే 6 రోజులు. ఏమీ చేయకుండా కూర్చుంటే సగటున పడే దెబ్బ అది.

ముందస్తు చర్యగా రెండో వెండర్‌ను కూడా ఇప్పుడే తెచ్చుకోవచ్చు. అతన్ని పరీక్షించి, ఒప్పందం కుదుర్చుకోవడానికి షెడ్యూలులో 4 రోజులు పోతాయి. ఆలస్యం అవకాశం 10 శాతానికి దిగుతుంది. మొత్తం లెక్క: 4 రోజులు ఖాయంగా, మరో 2 రోజులు సగటున. మళ్లీ 6 రోజులే. ఇంత హడావిడి చేసి ఎక్కడ ఉన్నామో అక్కడే ఉన్నాం.

ఇక ప్లాన్ బి. వెండర్ ఆలస్యం చేస్తే ఆ భాగం లేకుండానే మొదటి దశ ఎలా నడపాలో ఒక రోజు కూర్చుని రాసిపెట్టుకుంటాం. అప్పుడు ఆలస్యమైనా నష్టం 20 రోజుల నుంచి 8 రోజులకు తగ్గుతుంది. 1 రోజు ఖాయం, దానికి 2.4 రోజులు కలిపితే 3.4. ప్లాన్ బి గెలిచింది.

కానీ ఈ గెలుపు వెనక ఒక షరతు దాక్కుని ఉంది. వెండర్ ఆలస్యం చేస్తున్నాడని మనకు సమయానికి తెలియాలి. డెలివరీ రోజు పొద్దున ఫోన్ చేసి "ఇంకో మూడు వారాలు పడుతుంది సార్" అన్నాడనుకోండి, ప్లాన్ బి మొదలుపెట్టడానికే వ్యవధి ఉండదు. అప్పుడు నష్టం 8 కాదు, 18 రోజులు. లెక్క 6.4కు చేరుతుంది, అంటే ఏమీ చేయకపోవడం కన్నా ఘోరం.

అవకాశం మారలేదు, రిస్కు మారలేదు. కబురు ఎప్పుడు అందింది అన్నదొక్కటే మారింది. ఎరుపు, పసుపు రంగుల పట్టికలో అవకాశం ఉంటుంది, నష్టం ఉంటుంది, కానీ కబురుకూ దెబ్బకూ మధ్య ఎంత సమయం ఉందో చెప్పే గడి చాలాచోట్ల ఉండదు. ముందస్తు చర్యా, ప్లాన్ బియా అని తేల్చేది ముఖ్యంగా ఆ గడే అని నా అభిప్రాయం.

సగటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒకే ప్రాజెక్టులో ఆరు రోజుల సగటు దెబ్బ ఎప్పుడూ తగలదు. తగిలితే 20, లేకపోతే సున్నా. వంద ప్రాజెక్టులు నడిపే సంస్థకు సగటు పనికొస్తుంది. ఒక్క ప్రాజెక్టే ఉన్నవాళ్లు, 20 రోజుల దెబ్బకు కాంట్రాక్టే పోయే పరిస్థితిలో ఉన్నవాళ్లు, ఆరు రోజుల అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదు. వాళ్లకు రెండో వెండర్ దండగ ఖర్చు కాకపోవచ్చు.

కబురు రానిచోట ప్లాన్ బి లేదు

కొన్ని రిస్కులు చెప్పకుండా వస్తాయి, వచ్చాక చేయడానికి ఏమీ మిగలదు. చంద్రుడి మీద దిగే ల్యాండర్‌ను తీసుకోండి. చివరి నిమిషాల్లో అంతా అదే చూసుకోవాలి, భూమి నుంచి ఎవరూ చేయి అడ్డం పెట్టలేరు. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయాక ఇస్రో చంద్రయాన్-3ని ఏదేది తప్పు జరగవచ్చో ముందే ఊహించి డిజైన్ చేసింది. కాళ్లు బలంగా చేశారు, ఇంధనం ఎక్కువ పెట్టారు. దిగాల్సిన ప్రాంతాన్ని 500 మీటర్ల చదరం నుంచి సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పు ఉన్న స్థలానికి పెంచారు. 2023 ఆగస్టు 23న అది దిగింది. ఇక్కడ ఖర్చు అంతా ముందే పెట్టాల్సిందే.

వెనక్కి తీసుకోలేని పనులన్నీ ఈ జాతివే. పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి డేటా మార్చి పాతదాన్ని తుడిచేయడం, కాంక్రీటు పోయడం, మనిషి ప్రాణానికి ముప్పు ఉన్న ఏ పనైనా. ఇలాంటివాటికి రిజిస్టర్‌లో ప్లాన్ బి అని రాసి ఉంటే దాన్ని కొట్టేసి ముందస్తు చర్య రాయాలి, లెక్క ఏం చెప్పినా సరే.

మనుషుల విషయంలో ఇది అంత స్పష్టంగా కనపడదు. ఒక మాడ్యూల్ గురించి ఒక్కరికే తెలుసు, ఆయన మానేస్తే ఎలా? "నోటీసు పీరియడ్ ఉంటుంది కదా, అప్పుడు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, ఆయనకు తెలిసింది నేర్చుకోవడం) తీసుకుందాం" అంటారు. కబురు వస్తుంది, నిజమే. కానీ మూడేళ్ల పని ఆ కొన్ని వారాల్లో ఇంకొకరి తలలోకి ఎక్కదు, అదీ వెళ్లిపోయే మనిషి మనసు ఇక్కడ లేనప్పుడు. కాబట్టి పేరుకు కబురున్నా ఇది కబురు లేని రిస్కే. ఇప్పటినుంచే ఇంకొకరిని ఆయన పక్కన కూర్చోబెట్టడం తప్ప దారి లేదు.

ప్లాన్ బి పేరుకే ఉంటే

ప్లాన్ బి చాలాసార్లు రెండు రకాలుగా మోసం చేస్తుంది.

ఒకటి, ఆలస్యంగా గుర్తుకు రావడం. అమెరికాలోని డెన్వర్ కొత్త విమానాశ్రయం 1993 అక్టోబరులో తెరవాలని మొదట అనుకున్నారు. ప్రయాణికుల సామాన్లు తీసుకెళ్లే భారీ ఆటోమేటిక్ వ్యవస్థ కుదరక తేదీ మారుతూ మారుతూ 1995 ఫిబ్రవరి 28న తెరిచారు. టగ్గులు (బండ్లను లాగే చిన్న వాహనాలు), బండ్లతో మామూలు పద్ధతిలో సామాన్లు మోసే ప్రత్యామ్నాయం కట్టాలని నిర్ణయించింది 1994లో, అంటే తెరవాల్సిన తేదీ దాటిపోయాక. అప్పటికి విమానాశ్రయం మిగతాదంతా సిద్ధంగా ఉండి ఖాళీగా నిలబడింది. తర్వాత ఆ ఆటోమేటిక్ వ్యవస్థను ఒక్క ఎయిర్‌లైన్ మాత్రం కొంతమేర వాడి, 2005లో వదిలేసింది. సామాన్ల వ్యవస్థ లాంటి రిస్కు చెప్పకుండా వచ్చేది కాదు. పరీక్షలు జరుగుతున్నప్పుడే తెలిసిపోతుంది. కాస్త ముందే ప్లాన్ బి వైపు తిరిగి ఉంటే ఆ 16 నెలల్లో చాలా మిగిలేవి.

దీనికి మందు ట్రిగ్గర్, అంటే ప్లాన్ బి మొదలుపెట్టాలని చెప్పే గుర్తు. అది తారీఖుతోనో అంకెతోనో ఉండాలి. "పరిస్థితి బాగా లేకపోతే" అనేది ట్రిగ్గర్ కాదు, ఎందుకంటే ఏ మీటింగులోనూ ఎవరూ పరిస్థితి బాగా లేదని ఒప్పుకోరు. చివరి గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. గడువు జూన్ 30, ప్లాన్ బి అమలుకు 45 రోజులు పడుతుందంటే, మే 16 తర్వాత మీ దగ్గర ప్లాన్ బి లేదు, దాని కాగితం మాత్రమే ఉంది. ఆలోచించుకోవడానికి ఒక వారం కలిపితే నిర్ణయం మే 9కే జరగాలి. ఆ తేదీన ఏ పరీక్ష పాస్ కాకపోతే దారి మార్చాలో, ఆ మాట చెప్పే మనిషి ఎవరో కూడా రాసి ఉండాలి.

రెండో మోసం, ప్లాన్ బి కూడా ప్లాన్ ఎ పడిన గోతిలోనే పడటం. 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్ తొలి ప్రయాణంలో సుమారు 40 సెకన్లకే గాలిలో ముక్కలైంది. దారి చూపే పరికరం ఒకటి పాడైతే వాడుకోవడానికి రెండోది ఉంది. కానీ రెండింటిలోనూ ఒకటే సాఫ్ట్‌వేర్. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోయి, అది అందులో పట్టక, రెండూ ఒకే కారణంతో ఆగిపోయాయి. మీ రెండో వెండర్ కూడా మొదటి వెండర్ కొనే చోటే ముడిసరుకు కొంటుంటే, మీ బ్యాకప్ సర్వర్ కూడా అదే కరెంటు లైను మీద ఉంటే, రిజిస్టర్‌లో రెండున్నా నిజానికి ఉన్నది ఒకటే.

ఒక్కోసారి రెండూ వద్దు

కొత్త టెక్నాలజీ పని చేస్తుందో లేదో తెలియనప్పుడు ముందస్తు చర్యకూ, ప్లాన్ బికీ ముందు చేయదగ్గ పని ఒకటుంది: చిన్న ప్రయోగం. సాఫ్ట్‌వేర్ టీముల్లో దీన్ని స్పైక్ అంటారు. వారం పెట్టి, అత్యంత కష్టంగా కనిపించే ముక్కను ముందే కట్టి చూస్తారు. పారేయడానికే కడతారు. దీనివల్ల రిస్కు తగ్గదు. కానీ 30 శాతం అనే ఊహ 5 అయినా అవుతుంది, 90 అయినా అవుతుంది. ఆ తర్వాత నిర్ణయం తేలిక. చాలా ప్రాజెక్టులు మాత్రం లాగిన్ పేజీ లాంటి తేలిక పనులతో మొదలుపెట్టి, కష్టమైన ముక్కను చివరికి నెట్టి, 80 శాతం పూర్తయిందని రిపోర్టు పంపుతుంటాయి.

బదిలీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బీమా, ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టు, పెనాల్టీ క్లాజు, ఇవన్నీ డబ్బు నష్టాన్ని ఇంకొకరికి పంపగలవు. పోయిన నెలను, పోయిన కస్టమర్‌ను పంపలేవు. సబ్‌కాంట్రాక్టర్ తప్పు చేసినా క్లయింటు ఫోన్ వచ్చేది మీకే. డబ్బే అసలు నష్టమైన చోట బదిలీ మేలు. మిగతా చోట్ల అది మనకు నిద్ర పట్టడానికి పనికొస్తుంది.

అంగీకరిస్తే రిజర్వు ఎక్కడ పెట్టాలి

చిన్నా చితకా రిస్కులను అంగీకరించడమే తెలివి. ప్రతిదానికీ ప్లాన్ రాస్తే ప్లాన్లు రాయడమే ప్రాజెక్టు అవుతుంది. కానీ అంగీకరించడం అంటే కొంత సమయం, డబ్బు పక్కన పెట్టడం కూడా. ఆ సమయాన్ని ప్రతి పనిలో కొంచెం కొంచెంగా దాచాలా, చివర ఒకేచోట పెట్టాలా అన్నది మరో పోటీ. ఇందులో నాకు పెద్దగా సందేహం లేదు: ఒకేచోట.

తొమ్మిది పనులున్నాయి, ఒక్కోదానికి 3 రోజులు అదనంగా వేసుకున్నారనుకుందాం. మొత్తం 27 రోజులు. పనులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే అన్నీ ఒకేసారి చెడటం అరుదు. కొన్ని ఆలస్యమైతే కొన్ని ముందే అవుతాయి. అందుకే గణితం ప్రకారం తొమ్మిది కాదు, తొమ్మిదికి వర్గమూలమైన మూడుతో గుణిస్తే చాలు: ఒకేచోట 9 రోజులు పెడితే దాదాపు అంతే భద్రత. పైగా విడివిడిగా దాచిన రోజులు మిగలవు. పని ఇచ్చిన సమయమంతా ఆక్రమిస్తుందని బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1955లోనే రాశాడు. ఎవరి మూడు రోజులు వాళ్లు వాడేసుకుంటారు.

అయితే తొమ్మిది పనులూ ఒకే మనిషి సంతకం కోసం ఎదురుచూసేవైతే ఈ లెక్క చెల్లదు. ఆయన సెలవు పెడితే అన్నీ ఒకేసారి ఆగుతాయి. అప్పుడు 9 రోజులు బొత్తిగా చాలవు. అంతకన్నా ఆయన లేనప్పుడు సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇప్పించుకోవడం చవక.

ఇలా పక్కన పెట్టిన సమయాన్నీ, డబ్బునూ కంటింజెన్సీ రిజర్వు అంటారు. ఇది మనకు తెలిసిన రిస్కులకు, ప్రాజెక్టు మేనేజర్ చేతిలో ఉండేది. ఎవరి ఊహకూ అందనివాటి కోసం మేనేజ్‌మెంట్ రిజర్వు వేరే ఉంటుంది, దాన్ని ముట్టుకోవాలంటే పైవాళ్ల అనుమతి కావాలి. రెండూ కలిపేస్తే క్లయింటు అడిగిన కొత్త ఫీచర్లకే మొత్తం ఖర్చైపోతుంది. ఇది తరచూ జరిగేదే.

ముందస్తు చర్యకు ఒక శాపం ఉంది. అది ఫలిస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరికీ అవార్డు రాదు, "అనవసరంగా నాలుగు రోజులు పెట్టారు" అనే మాట వస్తుంది. రాత్రంతా మేల్కొని మంటలు ఆర్పినవాడికి మాత్రం అందరి ముందు చప్పట్లు. అందుకే చాలా సంస్థల్లో ప్లాన్ బి, అదీ రాసి పెట్టుకోని ప్లాన్ బి, అవసరానికి మించి గెలుస్తుంటుంది. దీన్ని కొంతైనా సరిచేయాలంటే నెలకోసారి రిజిస్టర్ తెరిచినప్పుడు, గడువు దాటి రాకుండా పోయిన రిస్కులను విడిగా చూడండి. వాటిలో ఏది మన చర్యవల్ల రాలేదో, ఏది అదృష్టవశాత్తూ రాలేదో పక్కన రాయండి. వాటికోసం పక్కన పెట్టిన రిజర్వును అదే రోజు విడుదల చేయండి. అలా చేస్తే రేపు ఇంకో రిస్కుకు ముందస్తు చర్య కావాలని మీరు అడిగినప్పుడు, పైవాళ్ల ముందు చూపించడానికి ఒక లెక్క ఉంటుంది.