పాత అవుట్‌బోర్డ్ బోటు కొనేవారికి హెచ్చరిక: కేబుల్ మీది టేపు విప్పి చూడకుండా డబ్బు ఇవ్వకండి

కాకినాడలో పాత అవుట్‌బోర్డ్ ఇంజన్లు (బోటు వెనక బయటి వైపు బిగించేవి) బాగుచేసి అమ్మే ఆ వ్యాపారి పేరు నేను రాయడం లేదు. అతనితో బేరమాడినవారికి ఎవరో చెప్పనక్కరలేదు. నిన్న సాయంత్రం అతని షెడ్డులో నాకు జరిగిన అవమానం ఒక ఎత్తు, అంతకు ముందు ఆదివారం నీళ్ళ మీద మాకు తప్పిన ప్రమాదం ఒక ఎత్తు. రెండూ కలిసి రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

రెండు నెలల కిందట అతని దగ్గర ఫైబర్ బోటు, దానికి 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజన్ కొన్నాను. చూపించిన రోజు తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. నేను వెళ్ళేసరికే అది వేడిగా ఉందన్న సంగతి చేతికి తెలిసినా, వేడెక్కిన ఇంజన్ సులువుగా అందుకుంటుందన్నది బుద్ధికి తట్టలేదు. మూడు వారాలకే సెల్ఫ్ మొరాయిస్తే, అతను మీటరు కూడా పెట్టకుండా బ్యాటరీ పోయిందని, రెక్టిఫయర్ (ఇంజన్ తయారుచేసే కరెంటును బ్యాటరీకి ఎక్కేలా మార్చే భాగం) కూడా పోయిందని చెప్పి, రెండూ కొత్తవి బిగించి పదకొండు వేలు తీసుకున్నాడు. విప్పిన పాత రెక్టిఫయర్‌ను మాత్రం అడిగి తెచ్చుకున్నాను. నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆదివారం మా బావమరిది, సరంగు, నేను హోప్ ఐలాండ్ దగ్గర ఇంజన్ ఆపి కాసేపు గాలాలు వేశాము. చీకటి పడుతుండగా తిరిగి రావడానికి తాళం తిప్పితే టక్కుమని ఒక్క శబ్దం వచ్చింది, అంతే. దీపం, మీటర్లు, నీళ్ళు తోడే పంపు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. అప్పటికే పాటు మొదలై నీరు బయటి సముద్రం వైపు లాగుతోంది. ఇలాంటి పాత ఇంజన్లలో నిప్పురవ్వకు కావలసిన కరెంటు ఫ్లైవీల్ (ఇంజన్ పైన తిరిగే బరువైన చక్రం) కింది కాయిల్ నుంచే వస్తుంది కాబట్టి బ్యాటరీ లేకపోయినా ఇంజన్ నడుస్తుందని మా సరంగుకు తెలుసు. ఆయన మూత విప్పి, గేరు న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకుని, ఫ్లైవీల్‌కు తాడు చుట్టి లాగాడు. ఆరో లాగుకు ఇంజన్ అందుకుంది. ఆ ఐదు లాగుల మధ్య మా ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు నేనే మీటరు పట్టుకుని కూర్చున్నాను. బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర 12.6 వోల్టులు ఉన్నాయి, అంటే బ్యాటరీ నిండుగానే ఉంది. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు వెళ్ళే కేబుల్ రెండో చివర కూడా ఊరికే కొలిస్తే అంతే చూపించింది. చాలామందిమి ఇక్కడే మోసపోతాము, ఎందుకంటే ఒక్క తీగ పోగు మిగిలి ఉన్నా, కరెంటు లాగనంతసేపు మీటరు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. మీటరు ఒక ముల్లును బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని ఇంజన్ బ్లాకు మీద పెట్టి మా బావమరిదిని సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు దాటకూడని చోట ఏడు వోల్టులకు పైగా చూపించింది. సెల్ఫ్‌కు అందవలసిన బలమంతా ఎర్తు (నెగటివ్) కేబుల్లోనే పోతోంది, దీపాలకూ పంపుకూ కూడా ఎర్తు ఆ కేబుల్ చివరి నుంచే తీశారు. కేబుల్‌కు చుట్టిన నల్ల టేపు కోస్తే లోపల రాగి దాదాపు లేదు, పచ్చటి చిలుము పొడి రాలింది. టేపు మాత్రం కొత్తది, కేబుల్ చివరి బిళ్ళకు వేసిన రంగు కూడా కొత్తదే. ఇంకా ఘోరమేమిటంటే, 20 ఆంపియర్ల ఫ్యూజు ఉండవలసిన చోట రాగి తీగ చుట్టి ఉంది. పెట్రోలు ట్యాంకుకు నాలుగు అడుగుల దూరంలో!

కొత్త కేబుల్, సరైన ఫ్యూజు వేసి, అతను పోయిందన్న పాత రెక్టిఫయర్‌నే బిగిస్తే, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులు వచ్చాయి. అంటే ఆ పదకొండు వేలూ పూర్తిగా దండగ.

నిన్న ఆ కేబుల్ ముక్క పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. అక్కడ పనిచేసే కుర్రాడు దాన్ని చూసి, ఏ కల్మషమూ లేకుండా, "అన్నా, ఇది మొన్న మనం టేపు చుట్టిందే కదా" అన్నాడు. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. వ్యాపారి ఆ కుర్రాణ్ణి కసిరి లోపలికి పంపాడు. రెండు నెలలుగా నన్ను "సార్, మీరు" అన్న మనిషి నా వైపు తిరిగి, "పాత ఇంజన్ కొన్నవాడివి, కొత్తదానిలా లెక్కలు అడుగుతావేంటి? సముద్రం నుంచి తిరిగొచ్చావు కదా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. డబ్బు పోయినందుకు నాకు అంత బాధ లేదు. ముగ్గురి ప్రాణాలు పోయేవని తెలిసి కూడా ఆ మాట అనగలిగాడు. దానికి సమాధానం చెప్పలేక, కేబుల్ ముక్కను అతని బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

కొనేవారు దయచేసి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళి మీ ఎదుటే స్టార్ట్ చేయించుకోండి. సెల్ఫ్ తిరుగుతుండగా పాజిటివ్, నెగటివ్ కేబుళ్ళు రెండింటినీ మీటరుతో చూడండి, ఫ్యూజు డబ్బా తెరవండి. కేబుల్ మార్చవలసి వస్తే తగరం పూత ఉన్న రాగి కేబులే వేయించండి, ఉప్పు గాలికి మామూలు రాగి నిలవదు. ఫ్లైవీల్‌కు చుట్టే తాడు బోటులో ఉందో లేదో బయల్దేరే ముందు చేత్తో పట్టుకుని చూసుకోండి. మా బోటులో ఆ తాడు పెట్టింది నేను కాదు, అమ్మినవాడూ కాదు, మా సరంగు.