పదకొండేళ్ల బిల్లుల డైరీ: ప్లంబర్లు, మెకానిక్కులు నిజంగా ఎక్కువ తీసుకుంటున్నారా?

మా ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. 1994లో మా మామగారు కట్టించారు. కింద మేం ఉంటాం, పై పోర్షన్ అద్దెకిచ్చాం. ముప్పై ఏళ్లు దాటిన ఇంట్లో ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది. 2014 నుంచి ఇంటికొచ్చిన పనివాళ్లకి ఎంతిచ్చానో, ఎందుకిచ్చానో డైరీలో రాసుకుంటున్నాను. మా ఆయన దాన్ని చిత్రగుప్తుడి చిట్టా అని వెక్కిరిస్తారు. ఆ చిట్టా పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

డైరీలో మొదటి లైను: వంటింటి పంపుకి వాషరు, 60 రూపాయలు. పోయిన సంక్రాంతికి అదే పంపుకి స్పిండిల్ (తిప్పితే నీళ్లు ఆపే లోపలి భాగం) మార్చినందుకు, వస్తువు కాక చేతికూలే 250. మా వీధి చివర ఇడ్లీ ప్లేటు ఈ పదకొండేళ్లలో 20 నుంచి 50కి వెళ్లింది. అంటే ప్లంబరు రేటు ఇడ్లీ కన్నా వేగంగానే పెరిగింది. పది నిమిషాల పనికి 250 ఏమిటని ఆ రోజు నేనూ సణిగాను. మా ప్లంబరు నవ్వి, "పని పది నిమిషాలేనమ్మా, పాయకాపురం నుంచి రావడానికి ముప్పావుగంట పట్టింది" అన్నాడు. అప్పుడు లీటరు పెట్రోలు 110 దగ్గరుండేది. ఇలాంటి చిన్న పనులు రోజుకి మూడో నాలుగో దొరికితే ఎక్కువ. ముహూర్తాల రోజుల్లో గృహప్రవేశాల హడావుడిలో ఫోనే ఎత్తడు, ఆషాఢంలో పిలిస్తే గంటలో గుమ్మంలో ఉంటాడు. ఆ ఖాళీ నెలల తిండి కూడా ఈ 250లోంచే రావాలి కదా. లెక్క వేసుకున్నాక చేతికూలి దగ్గర బేరం మానేశాను.

అలాగని నేను మోసపోలేదని కాదు. డైరీలో ఎర్ర సిరాతో రాసినవి చాలానే ఉన్నాయి. తిరగేసి చూస్తే వాటిలో ముప్పాతిక వంతు కూలి ఎక్కువై పోయిన డబ్బు కాదు, జబ్బు ఒకటైతే మందు ఇంకోదానికి వేసినందుకు పోయినది.

అన్నిటికన్నా పెద్ద ఎర్ర గీత ఏసీది. మన ఊళ్లో రోహిణి కార్తెలో ఏసీ ఆగితే మనిషి ఆలోచించే స్థితిలో ఉండడు, పక్కింటి వాళ్లు చెప్పిన మొదటి నంబరుకి ఫోన్ చేస్తాడు. నేనూ అంతే. 2019లో ఒక సర్వీసు వాళ్ల మెకానిక్ వచ్చి, "గ్యాస్ అయిపోయింది మేడమ్" అని 2,600 తీసుకున్నాడు. మరుసటి వేసవికి మళ్లీ అదే మాట, 2,800. మూడో ఏడు వాళ్లు రెండు రోజుల దాకా కుదరదంటే, పై పోర్షన్ అబ్బాయి గవర్నర్‌పేట నుంచి ఒక ముసలాయన్ని తీసుకొచ్చాడు. ఆయన సిలిండరు జోలికే పోలేదు. ముందు సబ్బు నురగ అడిగాడు. బయటి యూనిట్ దగ్గర రాగి గొట్టాల నట్టు మీద రాస్తే బుడగలు వచ్చాయి. "గ్యాస్ ఏమన్నా పెట్రోలా అమ్మా, వాడితే అయిపోడానికి? ఎక్కడో కారితేనే తగ్గుద్ది" అన్నాడు. గొట్టం మూతి కొత్తగా చేసి, నట్టు బిగించి, అప్పుడు గ్యాస్ నింపాడు. మొత్తం 3,200. పాతవాళ్ల కన్నా రేటు ఎక్కువే. కానీ ఆ తర్వాత నాలుగేళ్లు ఆ ఏసీకి గ్యాస్ ఊసే లేదు. ఇప్పుడు ఎవరు గ్యాస్ అన్నా, లీకు ఎక్కడో ముందు చూపించమంటాను. కొందరు ఆ మాటకే విసుక్కుంటారు. వాళ్లని పంపించేస్తాను.

నీళ్ల మోటారుదీ ఇదే కథ. స్విచ్ వేస్తే గుయ్‌మని మూలుగుతుంది గానీ తిరగదు. మొదట వచ్చినతను వైండింగ్ కాలిపోయిందని, 3,500 అవుతుందని, విప్పి తీసుకెళ్లబోయాడు. ఎందుకో మనసొప్పక ఆపాను. మా ప్లంబరు సాయంత్రం వచ్చి కెపాసిటర్ మార్చాడు. వస్తువు 180, కూలి 200. మూలుగుతోందంటే కరెంటు అందుతోందన్నమాట, చాలాసార్లు కెపాసిటర్ ఇవ్వాల్సిన మొదటి తోపు లేక ఆగిపోతుంది. వైండింగ్ మాడితే మామూలుగా కాలిన వాసనైనా వస్తుంది, ఫ్యూజైనా పోతుంది. ఇది అప్పటిదాకా నాకు తెలియదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు ఫ్లైఓవర్ అవతల సింగ్‌నగర్‌లో మా చెల్లెలు వాళ్ల ఇంట్లో నడుముల లోతు నీళ్లు. మోటారు బురదలో ఉంది. నీళ్లు తీశాక అక్కడికొచ్చిన ఒకతను ఊరికే విప్పి చూడ్డానికే 1,000 అన్నాడు. అప్పుడు ఆ పేటలో ఎవరు ఎంతడిగినా ఇచ్చే పరిస్థితి. మా ప్లంబరుకి ఫోన్ చేస్తే, వాళ్ల ఇల్లూ మునిగిందట, పనిముట్ల సంచీ దొరకలేదట. అయినా ఐదో రోజున వచ్చాడు. పొరపాటున కూడా స్విచ్ వేయొద్దని మరీ మరీ చెప్పి, విప్పి కడిగి, రెండు రోజులు ఎండబెట్టించి, బేరింగులు మార్చాడు. వస్తువులతో కలిపి 1,400. నేను ఇంకో 500 ఇవ్వబోతే తీసుకోలేదు. వాళ్లావిడ చేతిలో పెట్టి వచ్చాను.

సామాను సంగతి. షాపువాళ్లు ప్లంబర్లకి కమీషన్ ఇస్తారనేది అందరికీ తెలిసిందే. ఒకసారి తెలివిగా నేనే వన్ టౌన్ వెళ్లి, మా ప్లంబరు 1,850 చెప్పిన కుళాయి పంపుని 1,560కి తెచ్చాను. తీరా చూస్తే మనది అరంగుళం పైపు, నేను తెచ్చింది ముప్పావుది. మళ్లీ వెళ్లి మార్చుకొచ్చేసరికి ఆటోకే 160 అయింది, ప్లంబరు పూట పోయింది, దానికీ డబ్బులిచ్చాను. ఇప్పుడు చిన్న సామాను ఆయన్నే తెమ్మంటాను, షాపు బిల్లు మాత్రం అడిగి తీసుకుంటాను. రెండు నెలలకే కారితే తను తెచ్చిన పంపు కాబట్టి మాట్లాడకుండా వచ్చి మారుస్తాడు.

నాకు ఇప్పటికీ అన్యాయంగా అనిపించేది మరొకటి ఉంది: సగం పని చెప్పి సగం దాచడం. బాత్రూం గోడలో పైపు కారుతోందని 2,500కి మాట్లాడుకుంటే, ఒకతను ఆరు టైల్స్ పగలగొట్టి, పైపు అతికి, చేతులు దులుపుకున్నాడు. పూడ్చేది ఎవరంటే, "అది తాపీ మేస్త్రి పని కదండీ". తాపీ మేస్త్రికి, కూలీకి ఇంకో 1,900. ఆ రంగు టైల్స్ ఇప్పుడు తయారు కావట్లేదట. గోడ మీద ఆ అతుకు రోజూ పలకరిస్తుంది. అప్పట్నుంచి పగలగొట్టే పనయితే, మళ్లీ గోడ గోడలా అయ్యేదాకా ఎంతో చెప్పమంటాను.

పెయింటర్లయితే కిటికీలూ తలుపులూ కూడా గోడ కిందే అడుగుల లెక్క వేస్తారు, టేపు మీరూ ఒక చివర పట్టుకోండి. వడ్రంగుల గురించి రాయను. అడ్వాన్సు ఇచ్చిన షూ రాక్ ఇంకా రాలేదు.

ఆడవాళ్లం ఒక్కళ్లమే ఉంటే రేటు పెంచుతారా అని మా మరదలు అడిగింది. పెంచుతారు, కానీ పక్కన నిలబడి ఏం చేస్తున్నావు బాబూ అని అడుగుతూ ఉంటే తగ్గుతుంది. మా ఆయన ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ చెప్తారు, ఆయన బేరం ఆడరని చూడగానే తెలిసిపోతుంది.

మా ప్లంబరు నంబరు మాత్రం అడక్కండి. శ్రావణం వచ్చిందంటే ముహూర్తాల హడావుడిలో నాకే దొరకడు.