ఒక్క మెయిల్‌బాక్స్ కోసం సర్వర్ మొత్తం వెనక్కి తేనక్కర్లేదు: ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్

వర్చువల్ మెషీన్లకి (వీఎం, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్) బ్యాకప్ తీసి దాచే సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్. దాని డీడూప్లికేషన్ (ఒకే డేటాని ఒక్కసారే దాచడం), ఎన్‌క్రిప్షన్ సంగతులు అందరూ రాసేశారు. నేను చెప్పాలనుకున్నది ఫైల్ రీస్టోర్ గురించే, అంటే బ్యాకప్‌లోంచి కావలసిన ఫైళ్లు మాత్రమే తీసుకోవడం. రాయగడలో మా సంస్థ మెయిల్ సర్వర్ (మెయిల్స్ చేరవేసే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు చూసుకునే డవ్‌కాట్) రెండు నోడ్ల క్లస్టర్ (జతగా పనిచేసే రెండు యంత్రాలు) మీద వీఎంగా నడుస్తోంది. ఈ ఒక్క సదుపాయం వల్లే దీన్ని వదలబుద్ధి కావడం లేదు.

మార్చి నెలాఖరు. అకౌంట్స్ చూసే పెద్దాయనకి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. షాపు కుర్రాడు మెయిల్‌ని పాప్ పద్ధతిలో పెట్టి, సర్వర్‌లో కాపీ ఉంచే టిక్ తీసేశాడు. ఇన్‌బాక్స్ మొత్తం ల్యాప్‌టాప్‌లోకి దిగిపోయింది. కొన్నాళ్లకే దాని డిస్కు పోయింది. "జీఎస్టీ బిల్లులన్నీ అందులోనే ఉన్నాయి బాబూ, ఆడిటర్‌కి ఏం చూపించాలి?" అంటూ ఆయన మా గదిలో కూర్చుండిపోయారు. రెండో నోడ్‌లో ఉంటాయి కదా అని మా సార్ అడిగారు. ఉండవు. ఇక్కడ తుడిస్తే రెప్లికేషన్‌లో (ఒక నోడ్ డేటా రెండోదానికి కాపీ అవడంలో) అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది.

పాత బ్యాకప్‌ని సర్వర్ మీదే రీస్టోర్ చేస్తే ఆయన మెయిల్స్ వస్తాయి, మిగతావాళ్లకి ఆ తర్వాత వచ్చినవన్నీ పోతాయి. వేరే వీఎం నంబరుతో పక్కన ఇంకో సర్వర్‌గా దించుదామంటే అంత ఖాళీ లేదు.

ఫైల్ రీస్టోర్ నొక్కాను. వెనకాల ఓ చిన్న వర్చువల్ మెషీన్ లేచి బ్యాకప్‌లోని డిస్కుని చదువుతుంది, కాసేపు ఆగాలి. తర్వాత డొమైన్, ఆయన పేరు, మెయిల్‌డిర్, ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలుగా వరసగా కనిపించాయి. ఆ ఫోల్డర్ ఒక్కటే దించుకున్నాను. సర్వర్ ఆగలేదు, పక్క సీటువాళ్లకి తెలియను కూడా తెలీదు.

దించిన ఫోల్డర్‌ని మాత్రం విండోస్‌లో విప్పకండి. మెయిల్‌డిర్ ఫైలు పేర్లలో కోలన్ ఉంటుంది, చదివిన గుర్తు దాని తర్వాతే. విండోస్ ఆ పేర్లని ఒప్పుకోదు. ఫైళ్ల పాత తేదీలూ చెరగకూడదు. మెయిల్ అందిన తేదీని డవ్‌కాట్ అక్కడినుంచే తీసుకుంటుంది, చెరిగితే అన్నీ ఈరోజే వచ్చినట్టు చూపిస్తుంది. ఫైళ్లని సర్వర్‌లో ఆయన మెయిల్‌బాక్స్‌లో పెట్టి, ఓనర్‌ని సరిచేసి, డవ్‌కాట్ జాబితాని సరిచేసే డవ్‌అడ్మ్ ఫోర్స్-రీసింక్ కమాండ్ కొట్టాక బిల్లులు తేదీల వరసలో కూర్చున్నాయి. పెద్దాయన అక్కడే నిలబడి ఏప్రిల్ నుంచి ఒక్కొక్కటీ చూసుకున్నారు.

ఒకసారి పెట్టేసి వదిలేయొచ్చని తోటివాళ్లకి చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ మాట కాస్త తగ్గిస్తాను. ఏయే భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే డర్టీ బిట్‌మ్యాప్ వీఎం ఆఫ్ అయితే పోతుంది. మా దగ్గర గాలివానకి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసిన మర్నాడు, బ్యాకప్ తీసేటప్పుడు వీఎం డిస్కు మొత్తాన్నీ మళ్లీ చదువుతుంది. బ్యాకప్ పెట్టేచోట పాత హార్డ్‌డిస్కులుంటే ఆ సేపు మెయిల్ సర్వర్ రాతలూ వాటికోసం ఆగాల్సిందే. 2024లో ప్రాక్స్‌మాక్స్ వీఈ (వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్) 8.2తో వచ్చిన ఫ్లీసింగ్‌ని (మారబోయే పాత డేటాని ముందు దగ్గర్లోని డిస్కులో ఉంచడం) లోకల్ ఎస్‌ఎస్‌డీ మీద ఆన్ చేశాక మాకు ఆ టెన్షన్ చాలావరకు తగ్గింది. రెండే నోడ్లున్నవాళ్లు మూడో ఓటుకి క్యూడివైస్ (బయటి యంత్రం నుంచి ఓటు వేసే ఏర్పాటు) కూడా పెట్టుకోవాలి. లేకపోతే ఒక నోడ్ పడినప్పుడు రెండోదానికి కోరం (పని చేయడానికి కావలసిన ఓట్ల మెజారిటీ) ఉండదు, రీస్టోర్ కూడా మొదలవదు.

మాది మెయిల్‌డిర్, యూజర్లు తక్కువ, రెండో కాపీ రాత్రిళ్లు విశాఖకి సింక్ అవుతుంది. కాబట్టి మాకు సరిపోయింది. మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్‌ మెయిల్ సర్వర్‌లాగా మెయిల్స్ అన్నీ డేటాబేస్‌లో ఉంటే ఇలా తెరిచినా చేతికొచ్చేది ఆ పెద్ద ఫైలే. అలాంటివాళ్లు దీన్ని వీఎం బ్యాకప్‌కి వాడుకుని, మెయిల్‌బాక్సులకి వేరే ఏర్పాటు చూసుకోవడం మంచిది.