ఎక్సెల్‌లో సంఖ్యల సవరణ: రౌండ్‌కు మంచి మార్కులు, ఎమ్‌రౌండ్‌కు కోత

ఎక్సెల్‌లో సంఖ్యను దగ్గరి విలువకు సవరించడమంటే దశాంశ స్థానాలు తగ్గించే బటన్ నొక్కడమేనని చాలామంది అనుకుంటారు గాని, ఆ బటన్ సంఖ్య కనిపించే తీరును మారుస్తుందే తప్ప సెల్ లోపలి విలువ జోలికి పోదు. 10.4 చొప్పున ఉన్న రెండు సెల్‌లను దశాంశాలు లేకుండా చూపిస్తే పైన 10, 10 అని, కింద మొత్తం 21 అని కనిపిస్తుంది. అసలు మొత్తం 20.8 కాబట్టి లెక్కలో తప్పేమీ లేకపోయినా, అచ్చు ప్రతి చూసినవారికి ఆ సంగతి నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

దీనికి సరైన మందు రౌండ్ ఫంక్షన్. మొదట సంఖ్యను, తరువాత దశాంశ స్థానాలను ఇవ్వాలి; రెండోచోట 0 ఇస్తే పూర్ణాంకం, -2 ఇస్తే దగ్గరి వంద వస్తాయి, అంటే 1,234 కాస్తా 1,200 అవుతుంది. సరిగ్గా సగంలో ఉన్న సంఖ్యను ఇది సున్నాకు దూరంగా జరుపుతుంది కనుక 2.5 నుంచి 3, -2.5 నుంచి -3 వస్తాయి. అయితే పై ఉదాహరణలో ఒక్కో వరుసను రౌండ్ చేసి కూడితే 20, కూడిన తరువాత రౌండ్ చేస్తే 21 వస్తుంది. ఏది కావాలో ముందుగా తేల్చుకోవలసింది మనమే.

రౌండప్, రౌండ్‌డౌన్ పనితీరు బాగానే ఉన్నా పేర్లు కొంత తికమక పెడతాయి. -2.1ని రౌండప్ చేస్తే -3 వస్తుంది, ఎందుకంటే ఇక్కడ పైకి అంటే సున్నాకు దూరంగా అని అర్థం. సంఖ్యను కిందనున్న పూర్ణాంకానికి దించే ఇంట్, దశాంశ భాగాన్ని కత్తిరించే ట్రంక్ ఫంక్షన్లు ధన సంఖ్యలకు ఒకే జవాబిస్తాయి, -2.5 దగ్గర మాత్రం మొదటిది -3, రెండోది -2 ఇస్తాయి.

నాకు అసంతృప్తి కలిగించేది, సంఖ్యను మనమిచ్చిన గుణిజానికి దగ్గరగా సవరించే ఎమ్‌రౌండ్. పని గంటలను దగ్గరి 15 నిమిషాలకు సవరించడానికి ఇంతకంటే సులువైన సాధనం లేదు, నిజమే. కాని గుణిజం దశాంశమైతే సగం దగ్గర ఎటు మొగ్గుతుందో చెప్పలేమని మైక్రోసాఫ్ట్ సహాయ పత్రమే ఒప్పుకుంటుంది: 0.1 గుణిజంతో 6.05 కిందికి జారి 6.0 అవుతుంది, 7.05 పైకెక్కి 7.1 అవుతుంది. దశాంశాలను ద్విసంఖ్యా రూపంలో దాచుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. పైగా సంఖ్య, గుణిజం గుర్తులు వేరైతే దోషం చూపి ఊరుకుంటుంది.

మాక్రోలు, అంటే ఎక్సెల్ పనులను వాటంతటవే జరిపించే చిన్న ప్రోగ్రాములు రాసేవారు ఇంకొకటి గమనించాలి. ఆ మాక్రోలు రాసే భాష వీబీఏలోని రౌండ్ సగాన్ని దగ్గరి సరి సంఖ్యకు సవరిస్తుంది కాబట్టి అక్కడ 2.5 నుంచి 2, 3.5 నుంచి 4 వస్తాయి. పేరు ఒకటే, సాఫ్ట్‌వేర్ ఒకటే, జవాబులు వేరు! మాక్రోలో నుంచి వర్క్‌షీట్ రౌండ్‌ను పిలిచే వీలుంది. నేను ఆ దారినే వాడతాను.