మధ్యతరహా ఎస్‌యూవీతో నాలుగేళ్లు: మా రెండు కుటుంబాల అనుభవం

నాలుగేళ్ల క్రితం, మూడు నెలల తేడాతో, మా అక్కావాళ్లూ మేమూ ఒకే మోడల్ ఎస్‌యూవీ కొన్నాం. మాది టర్బో పెట్రోలు ఇంజిన్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. వాళ్లది డీజిలు, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. మా బండి ఈమధ్యే 62 వేల కిలోమీటర్లు దాటింది, అక్కావాళ్లది 70 వేలకు దగ్గర పడింది. రూపం ఒకటే, సీట్లు ఒకటే, ముందున్న తెర కూడా ఒకటే. అయినా ఈ నాలుగేళ్లలో మాకు వచ్చిన ఇబ్బందులకూ వాళ్లకు వచ్చిన ఇబ్బందులకూ పోలిక లేదు. ఆ తేడా చాలావరకు మేము రోజూ తిరిగే దారుల వల్ల వచ్చిందే తప్ప బండి వల్ల కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈ తరగతి బండి కొనాలనుకునేవారికి ఆ సంగతి అన్నిటికన్నా ముందు తెలియాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు మంచి చెబుతాను. సుమారు 4.4 మీటర్ల పొడవున్న ఈ బండిలో మాకు అన్నిటికన్నా నచ్చినది సీటు ఎత్తు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పాత కారులో ఆమె సీటులోకి దిగి కూర్చోవలసి వచ్చేది, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. ఇందులో సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తున ఉంటుంది. తలుపు తెరిచి, వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్లు రెండూ ఒకేసారి లోపలికి తిప్పుకుంటుంది, అంతే. అయితే ఎస్‌యూవీలన్నీ ఇలాగే ఉంటాయని అనుకోకూడదు. మరీ ఎత్తుగా ఉండి, మెట్టెక్కి లోపలికి చేరవలసిన బండ్లు పెద్దవాళ్లకు సీటు బాగా కిందికి ఉన్న కారుకన్నా కష్టం. ఇంట్లో పెద్దవాళ్లుంటే షోరూముకు వాళ్లను కూడా తీసుకెళ్లి, రెండు మూడుసార్లు ఎక్కించి దింపి చూడాలి.

ఇక గేర్‌బాక్సు. డ్యూయల్ క్లచ్‌లో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు మరో క్లచ్ ఉంటాయి. ఒక గేరులో నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది కనుక ఖాళీ రోడ్డు మీద మార్పు తెలియనే తెలియదు. కానీ నేను రోజూ ఆఫీసుకు వెళ్లే 14 కిలోమీటర్లూ నిండు ట్రాఫిక్కే. బంపరుకు బంపరు ఆనించినట్టు పాకుతున్నప్పుడు ఈ క్లచ్ పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు, ఆ రాపిడికి వేడెక్కుతుంది. రెండో ఏడాది వేసవిలో ఒక ఫ్లైఓవర్ ఎత్తు మీద అరగంట సేపు అలా పాకేసరికి, గేర్‌బాక్సు వేడెక్కింది, బండి పక్కన ఆపమని మీటరులో హెచ్చరిక వచ్చింది. పావుగంట ఆపి మళ్లీ బయలుదేరాను. క్లచ్ పాడవలేదు గాని, ఆ రోజు నుంచి నా అలవాట్లు మార్చుకున్నాను. ఎత్తు మీద యాక్సిలరేటరుతో బండిని నిలబెట్టడం మానేసి, బ్రేకు వేసి, ముందు బండికీ నాకూ మధ్య రెండు కార్ల ఖాళీ వచ్చాకే కదులుతున్నాను. అక్కావాళ్ల టార్క్ కన్వర్టరులో క్లచ్ రాపిడికి బదులు ఆయిలే ఇంజిన్ బలాన్ని గేర్లకు అందిస్తుంది కనుక ఇదే ట్రాఫిక్‌లో అది నిశ్చింతగా పాకుతుంది.

అయితే వాళ్ల కష్టం వాళ్లకు ఉంది. మొదటి రెండేళ్లు ఆ డీజిలు బండి పిల్లల బడికీ బజారుకీ మాత్రమే తిరిగేది, ఒక్కో విడత మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు. ఇప్పటి డీజిలు బండ్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద అరగంట ఆగకుండా నడిస్తే ఆ పని దానంతట అదే జరిగిపోతుంది. మూడు కిలోమీటర్లకోసారి ఇంజిన్ ఆపేస్తుంటే మాత్రం, మసిని కాల్చే పని మొదలై సగంలో ఆగిపోతుంది, మసి అలాగే మిగిలిపోతుంది. పైగా ఆ వేడి కోసం అదనంగా చిమ్మిన డీజిలులో కొంత ఇంజిన్ ఆయిలులోకి దిగుతుంది. ఒకరోజు అక్క ఫోన్ చేసి, ఆయిలు తగ్గడం విన్నాను గాని పెరగడమేమిటని అడిగింది. వెళ్లి ఆయిలు మట్టం కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పై గీతకన్నా వేలు మందం పైన ఉంది, ముక్కు దగ్గర పెడితే డీజిలు వాసన. సర్వీస్ సెంటరులో ఆయిలు మార్చి, యంత్రం తగిలించి మసిని కాల్పించారు. కానీ అమ్మేటప్పుడు మీ వాడకం ఎలాంటిదని ఒక్క మాట కూడా అడగలేదే అన్న బాధ మాకు ఇప్పటికీ ఉంది. తర్వాత మా బావగారికి ఊరి బయటికి బదిలీ అయింది. ఇప్పుడు అదే బండి రోజూ పోనూ రానూ 80 కిలోమీటర్లు హైవే మీద నడుస్తోంది, మసి పేరుకుందని హెచ్చరించే ఆ ఫిల్టరు లైటు మళ్లీ వెలగలేదు.

మైలేజీ విషయంలో మీటరు చూపే అంకెను నేను నమ్మను. ట్యాంకు నిండుగా కొట్టించి, మళ్లీ నింపేటప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తేనే అసలు లెక్క తెలుస్తుంది. మా బండిలో ఆ లెక్కకన్నా మీటరు ఎప్పుడూ ఒక కిలోమీటరు ఎక్కువే చెబుతుంది. పెట్రోలుకు ఊళ్లో 10 నుంచి 11, హైవే మీద 90 వేగంలో 16 వస్తోంది. అదే 120కి వెళితే 13 కూడా కష్టం. వేగం వర్గాన్ని బట్టి గాలి అడ్డు పెరుగుతుంది కాబట్టి 90 నుంచి 120కి వెళ్లగానే అది దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఎత్తైన, వెడల్పైన ముందుభాగం ఉన్న ఇలాంటి బండ్ల మీద దాని ప్రభావం ఇంకా బాగా తెలుస్తుంది.

సస్పెన్షను కాస్త గట్టిది. గుంతల్లో వేగంగా పోతే ఏమీ తెలియదు, నెమ్మదిగా పోతేనే నడుముకు తగులుతుంది. టైర్లలో గాలి ఎక్కువ కొట్టించడం వల్లే ఇది పెరుగుతోందని మాకు ఆలస్యంగా తెలిసింది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన పట్టీలో ఉన్న అంకె ప్రకారం, పొద్దున్నే బండి కదలకముందు గాలి చూసుకోవడం మొదలుపెట్టాక ప్రయాణం చాలా మెత్తబడింది.

సన్‌రూఫ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మూడో ఏడాది వానాకాలంలో ముందు అద్దం పక్కనుండే స్తంభం దగ్గర పైకప్పు గుడ్డ మీద అరచేయంత తడి మరక కనిపించింది. కప్పుకు చిల్లు పడిందేమోనని కంగారు పడ్డాను. నిజానికి ఏ సన్‌రూఫూ నీటిని పూర్తిగా ఆపదు. లోపలికి దిగిన కొద్దిపాటి నీరు చుట్టూ ఉన్న కాలువలో చేరి, మూలల్లో ఉన్న సన్నని గొట్టాల గుండా కిందికి పోతుంది. మేము చెట్టు కింద నిలుపుతాం కాబట్టి పూత, దుమ్ము కలిసి ఒక గొట్టం మూసుకుపోయింది. మెత్తని నైలాను తీగ మెల్లగా దూర్చి శుభ్రం చేస్తే సరిపోయింది. కంప్రెసరు గాలి గట్టిగా కొడితే గొట్టం లోపల ఊడిపోయే ప్రమాదం ఉంది, అప్పుడు కప్పు గుడ్డంతా విప్పవలసి వస్తుంది. ఇప్పుడు వానలకు ముందు ఏటా ఒక గ్లాసు నీళ్లు ఆ కాలువలో పోసి, బండి కింద కారుతున్నాయో లేదో చూసుకుంటున్నాను.

ఏసీని తెర మీద వెతుక్కోవలసి రావడం నాకు ఇప్పటికీ నచ్చదు. కార్ల భద్రతకు స్టార్ రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నిబంధనల్లో ఇండికేటర్లు, హారను, వైపర్లు వంటి వాటికి విడి మీటలు, బటన్లు ఉండాలని పట్టుపట్టడం మంచి పని. ఆ జాబితాలో ఏసీ కూడా ఉంటే బాగుండేది. లేన్ గీత దాటకుండా చూసే సాయం, అత్యవసర బ్రేకు మాత్రం పొడవు ప్రయాణాల్లో నిజంగా అక్కరకు వచ్చాయి. కానీ రాయి తగిలి ముందు అద్దం మార్పించాక, బండి లేన్ మధ్యలో ఉన్నా స్టీరింగును ఎడమకు లాగడం మొదలుపెట్టింది. అద్దం వెనకున్న కెమెరాను మళ్లీ సరిచూడకుండానే బండి ఇచ్చేశారని రెండోసారి వెళ్లాకే ఒప్పుకున్నారు. అద్దం మార్పిస్తే కెమెరాకు క్యాలిబ్రేషన్ చేసినట్టు బిల్లులో రాయించుకున్నాకే బండి వెనక్కి తీసుకోండి.

మళ్లీ కొనవలసి వస్తే ఇదే బండి, పెట్రోలుకు టార్క్ కన్వర్టరు జోడించిన రకం ఉంటే అదే తీసుకుంటాను. ప్రస్తుతానికి అమ్మే ఆలోచన లేదు. అరుగుదల గుర్తుల దాకా వచ్చిన నాలుగు టైర్లూ పోయిన వారం మార్పించాం. టైరు పక్కభాగం మీద ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. మొదట తెచ్చిన వాటిలో ఒకటి రెండేళ్ల పాతది కావడంతో తిప్పి పంపించి, కొత్తది వచ్చేదాకా ఆగి వేయించుకున్నాను.