నీరంటే వెనక్కి తగ్గడమేనా? జపాన్ పంచభూతాలతో ఎనిమిదేళ్లు

ముందే చెప్పేస్తున్నా, నాకు 'నీరు' మీద ఇంకా కోపం పోలేదు. తాగే నీరు గురించి కాదులెండి, నింజుత్సు (నింజాల యుద్ధవిద్య) క్లాసులో నేర్పే నీరు గురించి. చి, సుయి, క, ఫు, కు. అంటే నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. ఈ ఐదు కదలికల వరసని సన్‌షిన్ నో కత అంటారు. కత అంటే ముందే ఖాయం చేసిన కదలికల వరస, మన కథ కాదు. బుజిన్‌కాన్ అనే నింజుత్సు సంస్థ పద్ధతి నేర్పే ఏ డోజోలో (శిక్షణశాలలో) చేరినా మొదట్లోనే ఇవి ఎదురవుతాయి కాబట్టి ఒక్కోదాన్నీ వివరిస్తూ కూర్చోను. టోక్యో తూర్పు వైపు ఒక మునిసిపల్ జిమ్‌లో వారానికి రెండు సాయంత్రాలు, ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. చేరినప్పుడు నాకు ముప్పై ఐదు. బల్ల ముందు కూర్చుని చేసే ఉద్యోగం, కొంచెం బొజ్జ.

మొదటి రెండేళ్లూ ఈ ఐదింటి గురించి ఎవరడిగినా తెగ పొగిడాను. జపనీస్ సరిగ్గా రానివాడికి ఇంతకన్నా సులువైన దారి ఏముంటుంది? టీచర్ 'సుయి' అంటే చాలు, ఏ చెయ్యి ఎటు పోవాలో తెలిసిపోయేది. పైగా ఇవి మనవే. వరస కూడా మనదే: పృథ్వి, జలం, అగ్ని, వాయువు, ఆకాశం. శ్రీకాళహస్తిలో వాయులింగం ముందు దీపం రెపరెపలాడటం చిన్నప్పుడు చూసినవాడికి 'గాలి'ని ఎవరైనా కొత్తగా పరిచయం చెయ్యాలా?

ఒకసారి కోయాసాన్ అనే కొండమీది బౌద్ధక్షేత్రానికి వెళ్లాం. ఓకునోయిన్ స్మశానంలో రెండు కిలోమీటర్ల దారి పొడవునా రెండు లక్షలకు పైగా సమాధులున్నాయి. చాలావాటి మీద ఐదంతస్తుల రాయి నిలబెట్టారు. కింద చదరం నేల, దాని మీద గుండ్రంగా నీరు, ఆపైన నిప్పు, గాలి, కొసన మొగ్గలాంటి ఆకాశం. వాటి మీద చెక్కిన అక్షరాలు 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిలో ఉంటాయి. కింది నుంచి పైకి అ, వ, ర, హ, ఖ. ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి చెబితే, "అదేంట్రా, లం పృథివ్యాత్మనే, వం అమృతాత్మనే అని నా పూజలో రోజూ విన్నవే కదా, నీకు అక్కడ కొత్తగా కనిపించాయా" అంది. నీటికి వ, నిప్పుకి ర మన దగ్గరా అవే. కూకాయ్ అనే సన్యాసి 806లో చైనా నుంచి ఈ మంత్రయాన బౌద్ధాన్ని జపాన్‌కి తెచ్చాడు. చైనాకి అది వెళ్లింది మన దేశం నుంచే. ఆ రాత్రి నాకు ఏదో మా తాతగారి ఆస్తి దొరికినంత సంబరం.

ఆ సంబరమే నన్ను ముంచింది. ఎలాగో చెబుతాను.

మధ్యలో ఒక వీకెండ్ వర్క్‌షాప్‌కి వెళ్లాను. అక్కడ ప్రతి మనిషికీ ఒక 'ఎనర్జీ' ఉంటుందన్నారు. వీడు నిప్పు మనిషి, ఆవిడ నీటి మనిషి, నువ్వు ఫలానా అని. అమెరికాలో 1980లలో నింజా మోజు నడిచినప్పుడు బాగా వ్యాపించిన పాఠం ఇది. మన పేపర్లో ఆదివారం రాశిఫలాలకీ దీనికీ పెద్ద తేడా నాకిప్పుడు కనిపించదు. అప్పుడు మాత్రం నేను నిప్పు మనిషినని చెప్పగానే ఉబ్బిపోయాను, ఇంట్లో ముక్కు మీద కోపం అని తిట్టేదానికి ఇక్కడ మంచి పేరు దొరికినట్టయింది. నిప్పు ఎదురొస్తే నీరవ్వాలట. నీరంటే తగ్గడం, జారుకోవడం, దూరం పెంచుకోవడం. అలా రాసుకున్నాను.

ఇది చాలదన్నట్టు, మా జిమ్‌లో పక్క హాల్లో కెండో (జపనీస్ కత్తిసాము) క్లాసు జరిగేది. వాళ్లకి కూడా ఐదు భంగిమలు. కత్తి తల పైకెత్తితే నిప్పు, నడుము ఎత్తున ముందుకి పెడితే నీరు, కిందికి దించితే నేల, భుజం పక్కన నిటారుగా పడితే చెట్టు, వెనక్కి దాచి పట్టుకుంటే లోహం. 1912లో స్థిరపరిచిన కెండో కతలున్నాయి కదా, వాటిలో నాలుగోదాంట్లో ఒకరు చెట్టు, ఒకరు లోహం. గెలిచేది లోహం. ఐదోదాంట్లో నిప్పుకి ఎదురు నీరు, గెలిచేది నీరు. గోడ పక్కన నిలబడి ఇది చూసి నాకు జ్ఞానోదయం అయిపోయింది. ఆఫీసులో లంచ్ టైములో ఎక్సెల్ షీట్ కూడా వేశాను, ఎదుటివాడు ఏదైతే నేను ఏదవ్వాలి అని. (మా ఆవిడ చూసి అప్రైజల్ ఫారం అనుకుంది.)

అసలు గందరగోళం ఇక్కడుంది. కెండోవాళ్ల ఐదు చైనా లెక్క: చెట్టు, నిప్పు, నేల, లోహం, నీరు. జపనీస్ క్యాలెండర్లో మంగళవారం నుంచి శనివారం దాకా ఉండేవి ఈ ఐదే. అందులో ఒకదాన్ని ఒకటి పుట్టిస్తుంది, ఒకదాన్ని ఒకటి ఓడిస్తుంది. మన లెక్క వేరు. అందులో చెట్టూ లేదు, లోహమూ లేదు. గాలి, ఆకాశం ఉన్నాయి, ఏదీ దేన్నీ ఓడించదు. పేర్లు మూడు కలిశాయి కదా అని రెండూ ఒకటే అనుకున్నాను. సన్‌షిన్‌కే గోగ్యో నో కత అని ఇంకో పేరుంది. గోగ్యో అన్నది ఆ చైనా ఐదింటి పేరు. నాలాంటివాడు తప్పుదోవ పట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మూడో ఏడాది నవంబర్. నాకు జోడీ రిటైరైన ఒకాయన, అరవై దాటినవాడు. మొహం ఎర్రగా, గొంతు పెద్దగా. చూడగానే 'నిప్పు' అని ఖాయం చేసేశాను. ఆయన నేరుగా ఒక గుద్దు వదలాలి, నేను నాకు తోచినట్టు స్పందించాలి, అంతే వ్యాయామం. ఆయన భుజం కదిలిందో లేదో నేను వెనక్కి ఒక అడుగు. ఆయన ఆగాడు. నేను ఇంకో అడుగు. ఆయన చెయ్యి ఇంకా సగం దూరంలోనే ఉంది. మూడో అడుగుకి మడమ మడతపెట్టిన చాప అంచుకి తగిలింది. మూడేళ్లు నేర్చుకున్న ఉకేమి (దెబ్బ తగలకుండా పడే పద్ధతులు) ఒక్కటీ గుర్తు రాలేదు, మామూలు మనిషిలా చెయ్యి ఆనించి వెల్లకిలా పడ్డాను. మణికట్టులో టక్ మని చిన్న శబ్దం. ఆయన నన్ను తాకనే లేదు. పాపం, తనే తప్పు చేసినట్టు ఆసుపత్రిలో నాతో పాటు కూర్చుని పదిసార్లు క్షమాపణ చెప్పాడు. ఐదు వారాలు పిండికట్టు, ఒంటి చేత్తో కోడింగ్.

కట్టు విప్పాక టీచర్ ఎక్కువేం మాట్లాడలేదు. 'సుయి' చెయ్యమన్నారు. ముందుచేత్తో పై దెబ్బని అడ్డుకుంటూ వెనక్కి అడుగు, వెంటనే వెనక కాలు ముందుకొచ్చి అరచేతి అంచుతో మెడ మీద దెబ్బ. చేశాను. "వెనక్కి ఎన్ని అడుగులు?" అన్నారు.

"ఒకటి."

"ముందుకి?"

"ఒకటి."

"మరి ఆరోజు మీరు వేసినవి ఏ కతలోవి?"

భీమిలిలో పుట్టి పెరిగినవాణ్ణి. అల వెనక్కి వెళ్లేది మళ్లీ రావడానికేనని నాకు టోక్యోలో ఒకరు చెప్పాల్సి వచ్చింది. పక్క హాల్లో కెండోవాళ్ల నీటి భంగిమ కూడా కత్తి మొన ఎదుటివాడి గొంతు వైపు పెట్టి నిలబడేదేనని, అందులో తగ్గడం ఎక్కడా లేదని కూడా అప్పుడే గమనించాను. ఎక్సెల్ షీట్ డిలీట్ చేశాను.

ఇంత తిట్టాక కూడా మానెయ్యకపోవడానికి కారణం నేల. అన్నిట్లోకీ బోరు అదే అనుకునేవాణ్ణి. మోకాళ్లు వంచి, వెనక చెయ్యి గడియారం లోలకంలా కింద నుంచి పైకి ఊగుతూ అడుగుతో పాటు వెళ్లడం, అంతే. అందులో ఎనర్జీ గినర్జీ ఏమీ లేదు. చేతిని బలంతో విసిరితే భుజం బిగుసుకుంటుంది, ఒళ్లు కదిలి చెయ్యి దాని వెంట వెళితే తేలిగ్గా పోతుంది. చెయ్యి బరువు చెయ్యే మోసుకుంటుంది. ఐదో ఏడాదిలో ఒకరోజు పొద్దున్న టోజాయ్ లైన్‌లో నిషి-కసాయ్ దగ్గర ఎక్కి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క, జనం మధ్య ఒట్టినే నిలబడ్డాను. రైలు గట్టిగా బ్రేక్ వేసింది. చుట్టూ అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను మాత్రం మోకాళ్లలో కాస్త దిగి, అక్కడే ఉన్నాను. దిగానన్న సంగతి కూడా తర్వాత తెలిసింది. ఎనిమిదేళ్ల ఫీజులో నాకు గిట్టుబాటైంది అదొక్కటే అంటే మా టీచర్ నొచ్చుకుంటారేమో గానీ, నిజం.

పంచభూతాలు తెలిసుండటం కలిసొచ్చిందని పైన రాశాను. సగమే నిజం. పేర్లు గుర్తుండటానికి కలిసొచ్చింది. కానీ తెలిసిన మాట వినపడగానే అర్థం కూడా తెలుసనుకున్నాను, చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ మాటలు వాడే చోటుని బట్టి మారిపోతాయి. ముసాషి అనే పాతకాలపు కత్తివీరుడు రాసిన గోరిన్ నో షో పుస్తకంలో భాగాలకి ఈ ఐదు పేర్లే ఉంటాయి, అందులో గాలి భాగం అంతా ఇతర కత్తి సంప్రదాయాల గురించే, ఎందుకంటే గాలికి రాసే ఆ అక్షరానికి శైలి అన్న అర్థం కూడా ఉంది. నేనేమో అక్కడ తుఫాను కోసం వెతికాను.

మరి చేరమంటారా అంటే, నేను చెప్పలేను. నాది నలభై మూడేళ్ల ఒళ్లు, పోటీలకు వెళ్లే ఉద్దేశం లేదు, ఇంటి నుంచి జిమ్ పన్నెండు నిమిషాలు. ఇరవై ఏళ్లవాళ్లు, గెలుపోటములు తేల్చుకోవాలనుకునేవాళ్లు జూడో చూసుకోవడం మంచిదేమో. మీ టీచర్ మొదటి రోజే మీరు ఏ భూతమో చెప్పేస్తే మాత్రం కొంచెం ఆలోచించుకోండి.

ఆకాశం సంగతి చెప్పలేదు కదూ. చెయ్యి పైకి విసరాలి, ఎదుటివాడు అటు చూస్తాడు, కింద నుంచి తన్ను వస్తుంది. కు అంటే శూన్యం అని కూడా అర్థం, ఆ శూన్యం అంటే ఇంతేనా అని చాలా ముచ్చటేసింది. మా ఆరేళ్లవాడి మీద తన్ను లేకుండా ప్రయత్నించాను. వాడు చేతి వంక చూడనే లేదు, అందులో బిస్కెట్ లేదుగా.