జాగ్రత్త: సాలిడ్ స్ప్రూస్ అని చెప్పి ప్లై టాప్ గిటార్ అంటగట్టారు

పాలకొల్లు, భీమవరం, అమలాపురం చుట్టుపక్కల లోపల డొల్లగా ఉండే హాలోబాడీ ఆర్చ్‌టాప్ గిటార్ కొందామనుకుంటున్న వాళ్లు ఎవరున్నా, అడ్వాన్స్ పంపే ముందు దయచేసి ఇది చదవండి. నేను 1,10,000 రూపాయలు పోసి మోసపోయాను. ఇంకొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆదివారం చర్చిలో వాయిస్తాను, మిగతా రోజులు ఇంట్లోనే. రాత్రి అందరూ పడుకున్నాక యాంప్ పెట్టకుండా, పాటా కార్డ్సూ కలిపి వేళ్లతో వాయించుకోవడం నాకు ఇష్టం. అలాంటి వాయింపుకి చెక్కిన సాలిడ్ స్ప్రూస్ టాపే సరైనది. మెల్లగా మీటినా పలుకుతుంది, గట్టిగా మీటితే అంతకంత పలుకుతుంది. దానికోసం రెండేళ్లు డబ్బు దాచుకున్నాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. స్ప్రూస్ అంటే పైన్ లాంటి చెట్టు చెక్క. టాప్ అంటే తీగల కింద ఉండే పై పలక. ఆర్చ్‌టాప్‌లో అది వయొలిన్‌కి లాగా మధ్యలో ఉబ్బి ఉంటుంది. పాత పద్ధతిలో మందపాటి స్ప్రూస్ చెక్కను ఉలితో చెక్కి, మధ్యలో మందంగా ఉంచి అంచుల వైపు పల్చగా తీస్తారు. పొరలు అంటించని ఇలాంటి అసలు చెక్కనే సాలిడ్ అంటారు. అమెరికా గిటార్ కంపెనీ గిబ్సన్ వాళ్లు 1922లో తెచ్చిన ఎల్-5 మోడల్ అలా చేసిందే. కౌంట్ బేసీ జాజ్ బ్యాండ్‌లో గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్ ట్రంపెట్లు, శాక్సాఫోన్ల మధ్య కూర్చుని యాంప్ లేకుండా రిథమ్ వాయించింది ఈ జాతి గిటార్ల మీదే. మన బొబ్బిలి వీణకి ఒకే పనస మొద్దును తొలవడం చూసినవాళ్లకి ఆ పనీ, ఆ ధరా ఎందుకో ఇట్టే అర్థమవుతాయి.

రెండో పద్ధతిలో పల్చటి పొరలను అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి జిగురుతో అంటించి, అచ్చులో నొక్కి వంపు తెస్తారు. అదే లామినేట్, మనం ప్లై అంటాం. ఇది పనికిరాని సరుకని నేను అనడం లేదు. 1949లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-175 టాప్ లామినేటే. జో పాస్, జిమ్ హాల్ లాంటి గిటారిస్టులు దాని మీదే అంత గొప్ప జాజ్ వాయించారు. కాకపోతే ప్లైని ప్లై అని చెప్పి, ప్లై ధరకే అమ్మాలి.

నాకు అమ్మినతను పెద్ద ఊళ్లో సెకండ్ హ్యాండ్ గిటార్లు అమ్మే డీలర్. ప్రకటనలో స్ప్రూస్ టాప్ అని మాత్రమే రాశాడు. ఫోన్ చేస్తే "ఫుల్ సాలిడ్ అండి, చేత్తో చెక్కింది, ఇలాంటి పీస్ మళ్లీ దొరకదు" అన్నాడు. టాప్ మీద ఎఫ్ అక్షరంలా కోసిన రంధ్రం, అదే ఎఫ్ హోల్, దాని అంచు దగ్గరగా ఫోటో తీసి పంపమంటే ఆరడుగుల దూరం నుంచి తీసింది పంపాడు. మళ్లీ అడిగేసరికి, వేరే ఎవరో అడ్వాన్స్ వేసేస్తామంటున్నారు అన్నాడు. చేజారిపోతుందేమోనన్న టెన్షన్‌లో అప్పటికప్పుడు డబ్బు పంపేశాను. నేను చేసిన తప్పు అదే.

గిటార్ వచ్చాక దాన్ని పసిపిల్లలా చూసుకున్నాను. మన డెల్టాలో వానాకాలం ఎలా ఉంటుందో తెలుసుగా, వీధి తలుపు ఉబ్బి గడపకి పట్టేస్తుంది, భుజంతో నెడితేగానీ రాదు. సాలిడ్ టాప్ కూడా తేమకి అలాగే ఉబ్బుతుంది. పలక పైకి లేస్తుంది, దాంతో తీగలు ఆనే బ్రిడ్జీ లేచి తీగల ఎత్తు పెరుగుతుంది. అందుకే కేసులో సిలికా జెల్ పొట్లాలు, తేమ చూసే చిన్న మీటరు పెట్టాను. 45 నుంచి 55 శాతం మధ్య ఉంచాలని ఎంతో తాపత్రయపడ్డాను. మా ఇంట్లో అది ఒక్కరోజు కూడా 70 దిగలేదు. అయినా తీగల ఎత్తు వెంట్రుకవాసి మారలేదు. మంచి గిటార్ కదా అని మురిసిపోయాను.

శ్రావణంలో తీగలు మార్పించి సెటప్ చేయిద్దామని రాజమండ్రిలో రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఇంత తేమలో సాలిడ్ టాప్ కదలకపోవడం ఏంటండీ అని ఆయనే అనుమానపడ్డారు. ఎఫ్ హోల్ అంచులకి తెల్లటి ప్లాస్టిక్ పట్టీ, అంటే బైండింగ్, ఉండటంతో చెక్క కనపడలేదు. తీగల మోతను యాంప్‌కి పంపే పికప్ టాప్‌లో బిగించి ఉంటుంది, దాని చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలు విప్పి పికప్‌ని పక్కకి తీశారు. ఆ కోసిన చోట సెల్ ఫోన్ లైటు వేసి "ఇక్కడ చూడండి" అన్నారు. చూస్తే మూడు పొరలు. పైన కాగితమంత తెల్లటి స్ప్రూస్, మధ్యలో గోధుమరంగు చెక్క అడ్డంగా, కింద ఇంకొకటి. పొరల మధ్య జిగురు గీత నల్లగా, సన్నగా. తర్వాత పళ్ల డాక్టర్ల దగ్గర ఉండేలాంటి చిన్న అద్దం లోపలికి పెట్టి చూపించారు. పైన స్ప్రూస్ గీతలు నిటారుగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. లోపలివైపు అసలా గీతలే లేవు, అది వేరే జాతి చెక్క. పలక మందం కూడా మధ్యలో ఎంతో అంచు దగ్గరా అంతే. మార్కెట్లో దీనికి నేనిచ్చిన దాంట్లో సగం కూడా రాదన్నారు. ఆటోలో స్టేషన్‌కి వచ్చేదాకా నాకు నోట మాట రాలేదు.

డీలర్‌కి ఫోన్ చేస్తే "స్ప్రూస్ టాప్ అన్నాం, పైన స్ప్రూస్ ఉందిగా అండి" అన్నాడు. సాలిడ్ అన్న మాట ఫోన్లో తప్ప ఎక్కడా రాసి ఇవ్వలేదు. ఆ తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు.

కాబట్టి సాలిడ్, చెక్కినది అన్న రెండు మాటలూ మెసేజ్‌లో రాయించుకోండి. రెండూ ఎందుకంటే, పల్చటి సాలిడ్ పలకనే వేడి చేసి వంచి సాలిడ్ అని అమ్మేవీ ఉన్నాయి, అవి చెక్కినవి కావు. ఎఫ్ హోల్ అంచు ఫోటో అడగండి. పై గీతలు అంచు మీదుగా కిందికి దిగినట్టు కనపడితే సాలిడ్, పొరలుగా ఉంటే ప్లై. అంచుకి బైండింగ్ గానీ మందంగా రంగు గానీ ఉంటే పికప్ విప్పి చూపించమనండి. విప్పనంటే వదిలేయండి. వేలితో తట్టి చప్పుడు బట్టి చెప్పేస్తామనే వాళ్లని నమ్మకండి.

ఇంకో మాట. అసలైన సాలిడ్ టాప్ దొరికినా అది అందరికీ పనికిరాదు. మా బావది మండపేటలో ఆర్కెస్ట్రా. ఖరీదైనదైతే మంచిదని నిజంగా చెక్కిన స్ప్రూస్ టాప్ ఉన్నదే వేరే చోట కొన్నాడు. అంతర్వేది తీర్థంలో స్టేజి ఎక్కి వాల్యూమ్ పెంచగానే స్పీకర్ల మోతకి గిటార్ హోరెత్తిపోయింది. మీటకుండానే మోగుతోంది. ఎఫ్ హోల్స్‌లో గుడ్డలు కుక్కి ఎలాగో ఆ పూట గట్టెక్కించాడు. పక్కనే స్పీకర్లుండే స్టేజికి లామినేటే మేలు, బిగువుగా ఉంటుంది కాబట్టి త్వరగా కూయదు. రాకబిల్లీ అనే పాతకాలపు రాక్ సంగీతం లాంటి గలగలలాడే వాయింపుకి గ్రెచ్ గిటార్ కంపెనీ వాళ్లు వాడేది కూడా మేపుల్ ప్లైయే. సీడర్ మెత్తటి చెక్క, వేళ్లతో మృదువుగా వాయించేవాళ్లకి బాగుంటుంది, పిక్‌తో బాదితే మాట ముద్దయిపోతుంది.

మా పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారిని విని, గిటార్ మీద గమకాలు పలికించాలనుకునే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆయన వాయించింది ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ అని గుర్తుంచుకోండి. హాలోబాడీలో స్వరం త్వరగా ఆరిపోతుంది. గమకానికి నాదం నిలవాలి, అలాంటప్పుడు 1958లో వచ్చిన ఈఎస్-335 లాగా మధ్యలో చెక్క దిమ్మ ఉండే సెమీ హాలో చూసుకోండి.

మొన్న ఆ డీలరే ఇంకో ఆర్చ్‌టాప్ అమ్మకానికి పెట్టాడు. సన్‌బర్స్ట్ రంగు, ఎఫ్ హోల్స్‌కి తెల్ల బైండింగ్, ఫోటో కింద స్ప్రూస్ టాప్ అని రాశాడు. తణుకు నుంచి ఒకతను కొంటానని అప్పుడే కామెంట్ పెట్టాడు. అతనికి ఈ పోస్టు పంపించాను, చూసినట్టు లేదు. మీకు తెలిసినవాళ్లయితే దయచేసి ఒకసారి ఫోన్ చేసి చెప్పండి.